జెట్ బోటుకు నేను కట్టిన ధర

మా రేవును గోదావరి వరద ముంచలేదు, తుపాను ముంచలేదు. నేను ముంచాను. అదీ మిట్టమధ్యాహ్నం, పదిమంది చూస్తుండగా, నేనే గెలిచాననుకుని నవ్వుతూ ముంచాను. ఆ కథ చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా ఊరివాళ్ళు నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

ఎనభైల మొదట్లో మాట. రాజోలు దగ్గర వైనతేయ పాయ మీద మా ఆయన దేవదానం రేవు పడవ వేసేవాడు. ఏళ్ళ తరబడి ఏట్లో వెదురు గెడ వేసి వేసి కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా నేను చెయ్యి ఎత్తి పెట్టాలి. ఏటా రేవుకు వేలంపాట పెట్టేవారు. పాట గెలిచినవాళ్ళదే ఆ ఏడాది రేవు. కానీ పడవ నడపలేని మనిషిని పాటలో నిలబడనివ్వరు కదా! రేవు పోతే కూలికి పోవాలి. కూలికీ భుజమే కావాలి.

సరిగ్గా అప్పుడే అమలాపురంలో పాత సామాన్లు కొనే చిట్టిబాబుగారి దొడ్లో ఒక ఇంజను బోటు ఉందని తెలిసింది. చమురు కోసం ఊళ్ళు తవ్వడానికి వచ్చినవాళ్ళు వదిలేసి వెళ్ళినదట. బేరానికి మా ఆయన కాదు, నేను ముందు నడిచాను. ఎందుకంటారా? ఆ చుట్టుపక్కల గేదె కొనాలంటే నన్నే పిలిచేవారు. పళ్ళు చూసి ఈడు చెప్పేదాన్ని, నడక చూసి ఎన్నిసార్లు ఈనిందో చెప్పేదాన్ని. బోటుదేముంది, నీళ్ళలో పడుండేదే కదా, గేదే అంతే కదా అనుకున్నాను.

"జెట్ బోటండి, మార్తమ్మగారూ," అన్నారు చిట్టిబాబుగారు. "జెట్టంటే విమానం కదండీ. ఇదీ ఆ జాతేనండి."

నేను బోటు చుట్టూ తిరిగాను. వీపు మీద చరిచాను. మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి కోసం కాదు లెండి, అలవాటు.

"ఒళ్ళంతా గీతలే. రాళ్ళ మీద ఈడ్చేరా ఏటండీ?"

"ఆయ్, ఈడ్చేరండి. తగ్గిస్తానండి."

"సీట్లు చిరిగిపోయాయి."

"ఆయ్, ఎలకలండి. ఇంకాస్త తగ్గిస్తానండి."

మా ఆయన నా చెవిలో, "మార్తా, ఈయన మరీ మెత్తగా ఉన్నాడే," అన్నాడు.

"నువ్వుండవయ్యా. మెత్తగా ఉన్నప్పుడే నొక్కాలి," అన్నాను.

చూశారా నా తెలివి! చెప్పిన ప్రతి వంకకూ తలూపే అమ్మకందారు అంతకంటే పెద్ద వంక దాస్తాడని పశువుల సంతలో పదిమందికీ చెప్పేదాన్ని నేనే. ఆ దొడ్లో అడుగుపెట్టగానే ఆ మాట కొబ్బరిపీచులా ఎగిరిపోయింది.

అప్పుడు వంగి పొట్ట కింద చూశాను. ఇంజను పడవకు నీళ్ళలో తిరిగే ఫ్యాను ఉండాలి కదా, లేదు! జల్లెడలాంటి మూత ఒకటి, వెనక ఒక గొట్టం, అంతే.

"చిట్టిబాబుగారూ! పొదుగు లేని గేదెను పెట్టుకుని పాడిగేదె ధర చెబుతారా? ఫ్యాను ఏదండీ?"

"దీనికి ఫ్యాను బయటికి ఉండదంటండి. కిందనుంచి నీళ్ళు తాగి వెనకనుంచి చిమ్ముతాదంటండి."

"మా గేదే అదే చేస్తాది. అలాగని దాన్నెక్కి గోదారి దాటుతామా?"

దొడ్లో కూలీలంతా నవ్వారు. చిట్టిబాబుగారు ఓడిపోయినట్టు తల వంచేసి, "మీ మాటే కానీయండమ్మా. ట్యాంకు కూడా నిండుగా పోయించి ఇస్తానండి," అన్నారు.

మా పాడిగేదెను అమ్మి ఆ డబ్బు ఇచ్చాం. దాన్ని తోలుకుపోతుంటే వెనక్కి తిరిగి చూసిందట. నేను చూడలేదు. బోటు తుడుస్తున్నాను.

మొదటిరోజు మా పాస్టరుగారు ప్రార్థన చేశారు. మా ఆయన ఇంజను తిప్పాడు. బోటు ఒక్కసారి ముక్కెత్తి, ఏనుగు తొండంతో చిమ్మినట్టు వెనక నీళ్ళు చిమ్ముతూ ఎగిరింది! బోటెక్కిన బడి మేష్టారి గొడుగు గాలికి పోయింది. చేపల బుట్టలోంచి రెండు కొరమీనులు మళ్ళీ గోదారిలోకి దూకేశాయి. మా ఆయన కుడి చెయ్యి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో నడుపుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! అటువంటి బోటును పొదుగు లేని గేదె ధరకు కొట్టేశానని ఊరంతా చెప్పుకున్నాను.

మర్నాడు నడి ఏట్లో అది దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. ట్యాంకు ఎండిపోయింది. రాజోలు నుంచి సైకిలు మీద డబ్బాతో పెట్రోలు తెచ్చాం. పొద్దెక్కేసరికి డబ్బా ఖాళీ. మళ్ళీ తెచ్చాం. మళ్ళీ తాగేసింది. కల్లుపాకలో కూర్చున్నవాడైనా ఎప్పుడో ఒకప్పుడు చాలంటాడు, ఇది అనదు. బోటు నిండా జనాన్ని ఎక్కించినా వాళ్ళిచ్చిన చిల్లర ఒక్క దాటుకు చాలేది కాదు. రేటు పెంచుదామంటే కొబ్బరి ఒలిచే ఆడవాళ్ళు, "అంత పెడితే రాజోల్లో సినిమా చూసొస్తాం వదినా," అని అవతలిగట్టు నుంచి వచ్చే సూర్నారాయణ పడవ ఎక్కేశారు.

ఆ సాయంత్రం మా ఆయన గట్టు మీద కూర్చుని అడిగాడు.

"మార్తా, గేదెను కొనేటప్పుడు ముందు ఏమడుగుతావే నువ్వు?"

నేను ఖాళీ డబ్బా మూత బిగిస్తూ కూర్చున్నాను.

"చెప్పవే."

"మేత ఎంత తింటాదని."

"మరి దీనికి అడిగేవా?"

కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు.

బోటును చిట్టిబాబుగారికే తిరిగి ఇవ్వబోయాను. ఆయన దాని చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, ఎంతో మర్యాదగా, "మరి దీనికి ఫ్యాను లేదు కదండీ, అమ్మా?" అన్నారు. ఇనుము ధర కట్టారు. ఇచ్చింది పుచ్చుకున్నాను. గేదె మాత్రం తిరిగి రాలేదు.

రేవు పాటనాడు పెద్దలు, "పడవ ఎవరు నడుపుతారు దేవదానం?" అని అడిగారు. మా ఆయన గెడ తీసుకుని ఎత్తబోయాడు. చెయ్యి భుజం దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళంతా నేలచూపులు చూశారు. రేవు సూర్నారాయణకు పోయింది.

వారం తిరక్కుండా సూర్నారాయణ మా ఇంటికొచ్చి, "అన్నా, రేవులో అందరూ నీకు తెలిసినవాళ్ళే. గట్టు మీద కూర్చుని డబ్బులు తీసిపెట్టు," అన్నాడు. తన రేవులో తానే జీతగాడై మా ఆయన గట్టు మీద కూర్చున్నాడు. కొన్ని నెలలు గెడ ముట్టకుండా ఉన్నాక ఒకరోజు పొద్దున్నే తన చొక్కా తానే తొడుక్కుని నా ముందు నిలబడ్డాడు.

"చూసేవా మార్తా! నా భుజం కోసం బోటు కొన్నావు. రేవు పోగొట్టి మరీ బాగు చేసేవే!"

నవ్వాలో ఏడవాలో తెలియక గుండీలు సరిచేశాను. సరిగ్గానే పెట్టుకున్నాడు.

కాబట్టి దేవుని ఎదుట, మీ అందరి ఎదుట, మా ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇంజను ఉన్న ఏ వస్తువుకూ నేను ఈ జన్మలో ధర కట్టను. కుడి భుజం మీద వేసి చెబితే ఇంకా గట్టిగా ఉంటుందంటారేమో. దాని మీద చెయ్యి వేసే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.