జేజి వేసిన ఒట్టు

మొన్న మా మనవరాలు ప్రొద్దుటూరు బజారులో మత్తుమందులు వద్దంటూ బడిపిల్లలతో ఊరేగి, గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, మనింట్లో ఎవరికైనా ఏమైనా అలవాటుందా అని నన్ను నిలదీసింది. వక్కాకు తప్ప ఇంకేమీ లేదని నవ్వేశాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో నేను జమ్మలమడుగులో చదువుకునేదాన్ని. మద్యనిషేధం కాగితాల మీద ఉండేది, సారా మాత్రం పెన్న ఒడ్డున కోరినంత దొరికేది. ఒకనాడు మా అయ్యవారు గోడకు పటాలు తగిలించి, సారా, గంజాయి, నల్లమందు మనిషిని ఎట్లా తినేస్తాయో చెప్పి, పెద్దవాళ్ల చేత మా తల మీద చేయి పెట్టించి, మానేస్తామని ఒట్టు వేయించుకుని రమ్మన్నారు. మన తరం వాళ్లకు చెప్పనక్కరలేదు, బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ బిడ్డ దక్కదని నమ్మేవాళ్లు.

నాకు అమ్మ లేదు, నాయన పనికని ముద్దనూరులో ఉండేవాడు, ఇంట్లో ఉన్నది నాయనను కన్న మా జేజి ఒక్కతే. మోకాళ్ల నొప్పులకు ఆమె సాయంత్రం పూట ఆవగింజంత నల్లమందు నోట్లో వేసుకునేది. నొప్పి కాస్త సద్దుమణిగాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తల దువ్వుతూ కథ మొదలుపెట్టేది. ఆ మందే ఆమెను చంపేస్తుందని పటంలో చూసి వచ్చిన నేను, అన్నం ముట్టకుండా ఏడ్చి మరీ ఒట్టు వేయించుకున్నాను.

తక్కిన పిల్లల నాయనలు ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆ వారమే మళ్లీ తాగారు. మా జేజి మాత్రం నిలబెట్టుకుంది. చెమటలు పట్టేవి, వాంతులయ్యేవి, కాళ్లు పీకేవి. కథలు ఆగిపోయాయి. గోడవైపు తిరిగి మూలుగుతూ పడుకునేది, పలకరిస్తే కసిరేది, నేను పలక ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. ఆమె పక్కనే ఉండి కూడా ఒంటరిదాన్నైపోయాను. చివరికి భయమేసి, ఆ మందు మళ్లీ వేసుకోమని నేనే ఆమె కాళ్లు పట్టుకున్నాను.

"నీ తల మింద పెట్టిన చెయ్యిమ్మే ఇది. నేను తిని నీకేమన్నా అయితే, నాకింగ యెవరుండారు?" అంది జేజి.

ఆమె పొయ్యి దగ్గర కూర్చోలేకపోతోందని తెలిసి, పులివెందుల నుంచి అత్త వచ్చి నన్ను తీసుకుపోయింది. నేను బస్సుకు బయలుదేరుతుంటే జేజి వాకిలి దాకా కూడా లేచి రాలేకపోయింది. ఆ ఎండాకాలంలోనే ఆమె పోయింది, మాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది.

అయ్యవారిని తప్పు పట్టను, ఆయన చెప్పింది నిజమే. ఇప్పుడైతే అలవాటును మెల్లగా మాన్పించే డాక్టర్లు ఉన్నారట, ఒట్టంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు, మంచిదే. నన్ను బాగా చూసుకునేవాళ్లు ఉన్నారు, లేరని అనను. కానీ నాకేమన్నా అవుతుందేమోనని అంత నొప్పిని పళ్ల బిగువున భరించిన మనిషి, ఇంత బతుకులో మళ్లీ నాకు ఒక్కరు కూడా తారసపడలేదు.