ఊరవతలి మోటారు అడ్డా

నాగర్‌కర్నూల్ బజారులో మొదటి మాటకే ఒప్పుకునేవాణ్ణి నేను చూసి ఎరుగను. బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. తుమ్ము వచ్చినా సగంలో ఆపి, ఎదుటివాడు ఏమిస్తాడో చూసే రకం.

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బొగ్గు పొయ్యి తగిలించుకున్న మోటారు బస్సులు దగ్గుకుంటూ వచ్చేవి. అప్పుడు ఊరి బాగోగులు చూసే బల్దియా వారికి మా మీద ప్రేమ పుట్టింది. మా బజారు మొదట్లోనే మోటార్లు ఆగే అడ్డా కడతారట. అందుకోసం దుకాణాల ముందరి అరుగులు కొట్టేస్తారట. కట్టేముందు ఇరుగుపొరుగు ఉజుర్లు వింటామని, అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని దండోరా వేయించారు.

అడ్డా మాకు కావాలి. బల్మూరు దిక్కు రైతు మోటారు దిగీదిగగానే మా బట్టల మడతల మీద చెయ్యి వేయాలి. వద్దనుకున్నదల్లా అరుగులు పోవడం. అరుగు లేకపోతే బేరానికొచ్చిన గిరాకీ ఎక్కడ కూర్చుంటాడు? ఈ మాట నేరుగా చెప్పవచ్చు. కానీ నేరుగా చెబితే మేము వ్యాపారులం ఎట్లా అవుతాం? అందుకని ముందురోజు ముగ్గురం మా దుకాణంలో చేరాం: నేను, పక్కన గాజులమ్మే సాయిబు, ఎదురుగా కిరాణా కొట్టు పెద్దాయన.

"అరుగులు తియ్యొద్దంటే సగమన్న తీస్తరు. పెద్దగ అడగాలె అల్లుడా. అడ్డానే ఊరవతలికి కొండబొమ్మందాం," అన్నాడు సాయిబు. బజారులో అందరం వరసలు కలుపుకుని పిలుచుకునేవాళ్ళమే.

"నిజంగ కొండబోతే మనం ఈగలు కొట్టుకోవాలె, మామా."

"ఎట్ల కొండబోతరు? వాళ్ళు జర దిగుతరు, మనం జర దిగుతం. నడుమ అరుగులు మిగుల్తయి."

"మాటకారివి, నువ్వే చెప్పాలె," అన్నాడు పెద్దాయన. అది పొగడ్త కాదు. అధికారి కసురుకుంటే నన్నే కసురుకోవాలని ముందుచూపు. తెలిసి కూడా ఉబ్బిపోయాను.

సభ అంటే ఒక జంపఖానా, ఒక కుర్చీ. కుర్చీలో బల్దియా అధికారి. ఆయన కట్టబోయే అడ్డా నక్షా పరిచాడు. మేము దాన్ని తలకిందులుగా చూసి తలలూపాం. నేను లేచాను.

"సాబ్, మోటార్లకు ఎడ్లు బెదురుతున్నయి. పొగకు ఆడోళ్ళ చీరెలు నల్లగైతున్నయి. మస్తు పరేషాన్ ఉన్నది. అడ్డా ఊరవతల గుట్ట కాడ పెట్టుండ్రి."

చీరలు నల్లబడితే కొత్తవి అమ్ముడయ్యేది నా దుకాణంలోనే. ఆ సంగతి ఆయనకు చెప్పవలసిన పని లేదు.

"మంచిగ చెప్పినవ్. గుట్ట కాడనే పెడ్తం. ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు అధికారి.

పైకి ఎక్కినవాణ్ణి కిందికి దింపవలసిన మనిషి నిచ్చెన తీసుకుని పోతున్నాడు.

"అంటే సాబ్, గుట్ట మరీ దూరమైతదేమో. నడుమ ఏడన్న..."

"ఏం కాదు. మీ బజారుకు తక్లీఫ్ ఉండొద్దు," అని నక్షా చుట్టేశాడు. అరుగులు కూల్చే పీడ తప్పినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇరుగుపొరుగును అడగడమంటే అదే. వాళ్ళకు ఇష్టం లేని పనిని మన నోటితోనే వద్దనిపిస్తారు. పైగా అడిగి చేశామని పేరు.

బయటికి వచ్చాక సాయిబు, పెద్దాయన ఇద్దరూ నన్ను పాపాత్ముణ్ణి చూసినట్టు చూశారు. ఉపాయం చెప్పిన నోరు ఎవరిదో అప్పటికే ఎవరికీ గుర్తులేదు.

గిరాకీ ఇక గుట్ట దగ్గరే దిగి అక్కడే కొనుక్కుంటాడు. నా దుకాణం బతకాలంటే అక్కడ జాగా పట్టాలి. తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా పోయాను. గుట్ట కింది చేను గట్టున పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"ఏంది పెద్దనాయినా, ఇటొచ్చిన్రు?"

"గాలికొచ్చిన."

అవతల సాయిబు కట్టెతో నేల కొలుస్తున్నాడు.

"మామా, నువ్వు గూడ గాలికేనా?"

"లేదు అల్లుడా. నీ కోసమే జాగ చూస్తున్న."

చేను గల రైతు మా ముగ్గురినీ చూసి నాగలి ఆపాడు. "అడ్డాకు ఆనుకుని కొసకున్న జాగ ఒక్కటే. ఎవరెక్కువిస్తే వాళ్ళకే," అన్నాడు. ఊళ్ళో ఎవరి సరుకు ధరనైనా సగానికి దింపగల ముగ్గురం అక్కడ ఒకరి మీద ఒకరం పెంచుకుంటూ పోయాం. రైతు గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు.

కొస సాయిబుకు పోయింది. నాకు ఆయన వెనక జాగా దొరికింది, పెద్దాయనకు నా వెనక. గాజులు దాటితే తప్ప నా బట్టలు కనబడవు.

"దిల్ చిన్నగ చేసుకోకు అల్లుడా. నా కాడికొచ్చిన ఆడోళ్ళనందర్నీ నీ కాడికే పంపిస్త," అన్నాడు సాయిబు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మరి నాకేమిస్తవు?"