గింజ ఆడే కాయలు

నా రేకుల షెడ్డుకు ఒకటే తలుపు. ఆషాఢం గాలి మొదలైందంటే దాన్ని కూడా మూసేయాలి. లేకుంటే కొయ్యపొట్టు ఎగిరి పక్కింటివాళ్లు ఆరేసుకున్న బట్టల మీద పడుతుంది. ఆ తర్వాత వాళ్ల నోళ్లు మూయించడం నా తరం కాదు. అందుకని లోపలే ఉడుకుతూ, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, లేతు మిషను ముందు నిలబడి మంచం కోళ్లు తీసేవాణ్ణి. కొయ్య గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కడమే నా పని. ఒక కోడు ఎలా ఉంటే తక్కిన మూడూ అచ్చం అలాగే ఉండాలి. మీసం రాకముందు నుంచీ అదే. విసుగు అంటే చాలదు, వాటిని చూస్తేనే నాకు ఒళ్లుమంట.

ఒకసారి ఎండిపోయిన బోరు పక్కన విరిగిపడిన వేపకొమ్మ తెచ్చి, ఊరికే, వేరుశనగకాయ ఒకటి తీశాను. అనంతపురం వాడి చేతికి ఇంకే ఆకారం వస్తుంది? అరచేతిని మించిన కాయ. నడుము సన్నం, పైన ఈనెలు, ముక్కు కాస్త వంపు. ఆ వంపు కోసం కొయ్యను మిషనులో కొంచెం పక్కకు జరిపి మళ్లీ బిగించాలి. చేసినంతసేపూ ఉక్క గుర్తుకే రాలేదు. మా బావమరిది దాన్ని ఫోటో తీసి, బెంగళూరులో అలంకరణ వస్తువులు అమ్మే ఒక షాపామెకు పంపాడు. ఒక సంచెడు చేసి పంపమంది. బాగుంటే ఏడాది పొడుగునా తీసుకుంటానంది. అంటే మంచం కోళ్లకు ఇక ఒక దణ్ణం. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

కాయలు పూర్తవుతుండగా మా ఆవిడ చేనులో కలుపు తీసి వచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టి ఆడించింది. మా వైపు ఎవరైనా అంతే. బాగా ఎండిన కాయైతే లోపల గింజ గలగలమంటుంది. పలకలేదంటే పచ్చిదన్నా అయ్యుండాలి, గింజ లేని పొల్లన్నా అయ్యుండాలి.

"ఏమయ్యా, ఇంత లావుండాది, గింజే పలకదే? పొల్లుకాయ చేసినావా ఏమి?"

నవ్వుతూనే అంది గానీ నాకు రోషం వచ్చింది. ఒక్కో కాయనూ నడుము దగ్గర రెండుగా కోశాను. లోపల తొలిచి, చింతకొయ్య గింజ వేసి, మళ్లీ అతికించి, అతుకు కనపడకుండా నునుపు చేశాను. ఆమె మళ్లీ చెవి దగ్గర ఆడించి చూసింది.

"ఇది కాయ" అంది.

అంతకంటే పెద్ద మెప్పు నేను ఎరగను.

సంచి బస్సులో పోయింది. వారం తిరక్కముందే షాపామె ఫోన్ చేసింది.

"చాలా బాగున్నాయండీ. కానీ అన్నిటిలోనూ ఏదో విరిగి లోపల ఆడుతోంది."

"విరగలేదు మేడం, అది గింజ. కాయ ఎండినాదని గుర్తు."

"మీరు చెప్తే నాకు తెలిసింది. కొనేవాళ్లకు ఎవరు చెప్తారు? పగిలిందని వెనక్కి తెస్తారు. గింజ లేకుండా చేయండి, ఎన్నయినా తీసుకుంటాను."

ఆమె మాటలో తప్పేమీ లేదు. నాకు మండింది అందుకే. అయినా సరేనన్నాను.

ఇప్పుడు మంచం కోళ్లు లేవు. గింజ లేని గట్టి కొయ్యకాయలు, ఒకటి ఎలా ఉంటే తక్కినవన్నీ అచ్చం అలాగే. ఇరుక్కుపోయాను, ఇంకెలా చెప్పను?

ఆమె తిప్పి పంపిన ఆ మొదటి సంచిలోని గింజ కాయలను మిషను వెనక గోడబల్ల మీద పేర్చాను. మిషను వేయగానే బల్ల అదిరి అన్నీ ఒక్కసారిగా గలగలమంటాయి. ఆపితే గమ్మునైపోతాయి. మొన్న మా ఆవిడ అన్నం తెచ్చి, ఆ చప్పుడు వింటూ నిలబడిపోయింది.

"పాపం, ఆ గింజల్ని బయటికి తీసేకి కాదా?"

"యాడ అవుతాది? కాయ పగలగొట్టల్ల."

నా మొహం చూసి, గిన్నె అక్కడ పెట్టింది. పోతూ పోతూ తలుపు బార్లా తెరిచి పోయింది. గాలి ఒంటికి హాయిగా తగిలింది. పక్కింట్లో అప్పుడే బట్టలు ఆరేస్తున్నారు. వెళ్లి నేనే తలుపు మూశాను.