ఊపిరితిత్తులకు ఇస్త్రీ

వీధిలో ఇస్త్రీ చేసే ఆమెకు, కొత్తగా పాతిన ఆ ఇనుప మనిషి బొమ్మ మొదటి రోజు నుంచే నచ్చలేదు. ఇన్ని వీధులుండగా సరిగ్గా తన బల్లకు ఎదురుగానే పాతాలా? నెత్తిన ఎండతో కరెంటు పుట్టించే పలక, వీపులో ఫ్యాను, ఛాతీలో తెల్లగుడ్డతో కుట్టిన రెండు ఊపిరితిత్తులు. ఫ్యాను వీధి గాలిని లాగి ఆ గుడ్డలోంచి వదులుతుంది.

"మురికంతా గుడ్డకి పట్టుకుంటుంది పెద్దమ్మా, గాలి శుభ్రమవుతుంది. మనం పీల్చేదేంటో అందరూ చూస్తారు," అంది దాన్ని చేసిన శిల్పి పిల్ల.

"అందరూ చూసేది నన్నేలే," అని గొణుక్కుంది ఆమె. ఆ వీధిలో ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసేది తనొక్కతే. ఇది బొమ్మ కాదు, తన మీద పెట్టిన కాపలా.

గుడ్డ నల్లబడసాగింది. దారినపోయేవాళ్లు ముందు దాన్ని, తర్వాత తన ఇస్త్రీ పెట్టెను చూస్తున్నారని ఆమె అనుమానం. నిజానికి సగం మంది బస్సు కోసం చూస్తున్నారు. అనుమానానికి అవన్నీ పట్టవు.

బల్ల వెనక గదిలోనే భర్త మంచం. ఆయన రోజంతా దగ్గుతూనే ఉంటాడు. ఆ దగ్గు తన పొగ పెట్టిందేనేమోనన్న భయం ఏళ్లుగా తొలుస్తోంది. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడీ ఇనుప మనిషి బయటపెట్టేస్తాడు.

ఓ మిట్టమధ్యాహ్నం ఊపిరితిత్తులు విప్పి, ఉతికి, ఆరేసి, మళ్లీ తగిలించింది. మాసిన గుడ్డ పట్టుకెళ్లే ఇస్త్రీ మనిషిని ఎవరు ఆపుతారు?

మర్నాడు శిల్పి పిల్ల వచ్చి పడీపడీ నవ్వింది. "పెద్దమ్మా, ఊపిరితిత్తులకి ఇస్త్రీ మడతలు ఎవరు పెట్టారు?"

చేతి అలవాటు కొంప ముంచింది. ఆమెకు ఒళ్లు మండింది. "నవ్వకు! తప్పు నా బొగ్గులదేనని తేల్చడానికేగా దీన్నిక్కడ పాతావు? మా ఆయన దగ్గు కూడా నా నెత్తినే వెయ్యి!"

పిల్ల నవ్వు ఆగిపోయింది. "ఇక్కడ ఎండ బాగా పడుతుందని పెట్టాను పెద్దమ్మా, అంతే. మురికి ఎవరిదో నాకూ తెలీదు."

ఆమె ఆ మాట నమ్మలేదు. "అయితే కొత్త గుడ్డ కట్టు. వారం పాటు నేను పెట్టె వెలిగించను. తేలిపోతుందిగా!"

పెట్టె చల్లారి మూల కూర్చుంది. వీధిలో లారీలు మాత్రం రోజూలాగే పొగ కక్కుతూ పోయాయి. వారం తిరిగేసరికి గుడ్డ మళ్లీ అంతే నల్లగా అయింది. ఆమె సంతోషం పట్టలేక భర్తను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది. "చూడు, నువ్వే చూడు! పెట్టె వెలిగించనే లేదు!"

ఆయన గుడ్డను వేలితో రాసి చూసుకున్నాడు. తర్వాత, "అయితే నీ పెట్టె కాదన్నమాట," అన్నాడు.

అంటే ఇన్నేళ్లూ ఆయనా అదే అనుకున్నాడు. పక్కనే దగ్గుతూ పడుకుని, ఒక్క మాటా అనకుండా. ఆమె నడివీధిలో ఆయన చెయ్యి పట్టుకుని బావురుమంది.