ఆకలి వెయ్యని కోట

సబ్‌స్టేషన్ అక్కయ్య అంటే లైన్‌మన్లందరికీ భయమూ భక్తీ రెండూ ఉండేవి. కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆవిడ ఆపరేటరు. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు ఆవిడకి ఫోను చేసి లైను ఆపించుకోవాలి, దిగాక మళ్ళీ తనే ఫోను చేసి కరెంటు ఇమ్మని చెప్పాలి. మధ్యలో ఎవరడిగినా, ఎంత పెద్దవాళ్ళడిగినా ఆవిడ స్విచ్చి మీద చెయ్యి వెయ్యదు. ఒకసారి పై ఆఫీసరొకాయన "వాడు దిగిపోయాడమ్మా, నేను చెప్తున్నాగా, లైను ఇచ్చెయ్" అన్నాడు. "స్తంభం ఎక్కింది మీరు కాదు సార్, ఎక్కినవాడి గొంతు వినిపించండి" అని టక్కున ఫోను పెట్టేసింది. అంత మొండి ఘటం. ఆ మొండితనం పుణ్యమా అని ఆవిడ డ్యూటీలో ఒక్క ప్రాణం పోలేదు.

అలాంటి మనిషికి ఓ పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రి, ఇంజెక్షన్లు, వ్యాయామాలు, అన్నీ అయ్యాయి. చెయ్యి స్వాధీనంలోకొచ్చింది, మాట తిరిగొచ్చింది. "ఇక నిక్షేపంగా డ్యూటీకి వెళ్ళొచ్చు" అని డాక్టరమ్మ కూడా చెప్పేసింది. కానీ అక్కయ్యకి మాత్రం నమ్మకం కుదరలేదు. డాక్టరమ్మకేం, చెప్తుంది. రేపు తను ఒక్క అంకె తారుమారు చేస్తే స్తంభం మీదున్నవాడు బొగ్గైపోతాడు కదా!

అందుకని తనకి తనే ఒక పరీక్ష పెట్టుకుంది. ఎక్కడనుకున్నారు? కంప్యూటర్లో, ఓ పాత యుద్ధం ఆటలో. ఒక్కరే ఆడుకునే ఆట అది. రాజ్యం కట్టాలి, సైన్యాన్ని నడపాలి, తిండిగింజలు చూసుకోవాలి. తమ్ముడూ తనూ పడుచు వయసు నుంచీ ఒకే కీబోర్డు కోసం కొట్టుకుంటూ ఆడిన ఆటే. అక్కయ్య ఎప్పుడూ అన్నిటికంటే కష్టమైన స్థాయిలోనే ఆడేది. ఓడిపోతే ముందు దాచుకున్న ఆట తెరిచి అక్కణ్ణుంచి మళ్ళీ ఆడటం కూడా ఆవిడ దృష్టిలో దొంగతనమే.

"పడమటి కోట పట్టానంటే ఉద్యోగానికి వెళ్తా. పట్టలేకపోతే ఇంట్లో కూచుని బఠాణీలు ఒలుస్తా," అంది.

తమ్ముణ్ణి అందరూ బుడ్డోడనే అంటారు. మనిషికి జుట్టు నెరిసింది, బొజ్జ వచ్చింది, అయినా అక్కయ్యకి బుడ్డోడు కాబట్టి లోకానికీ బుడ్డోడే. లిఫ్టు మెకానిక్కు. వాడూ వాడి పెళ్ళామూ ఉండే ఇంట్లోనే ముందు గదిలో ఉంటుంది అక్కయ్య. ఆవిడంటే వాడికి ప్రాణం. ఆ ప్రాణమే కొంప ముంచింది.

జబ్బు చేశాక అక్కయ్య మొదట్లో వరసగా ఓడిపోయింది. ఓడిన రోజున కంచం ముందు కూచుని అన్నం కెలికి లేచిపోయేది. చూడలేకపోయాడు వెధవ. ఆట ఫైళ్ళ ఫోల్డరు తెరిచాడు. అందులో ఒక ఫైలుంది, మామూలు అక్షరాలతో, ఎవరైనా చదవగలిగేలా. విలుకాడి బాణం ఎంత దూరం పోతుందో, గుర్రం ఎంత వేగంగా పరిగెడుతుందో, సైనికుడు రోజుకెంత తింటాడో, అన్నీ అంకెలే. ఆట తెరిచినప్పుడల్లా ఆ ఫైలే చదువుకుంటుంది. అక్కయ్య స్నానానికి వెళ్ళినప్పుడు వాడు ఆవిడ రాజ్యపు విలుకాడి అంకె కాస్త పెంచాడు. నది దగ్గర యుద్ధం ఆవిడ గెలిచింది. ఆ పూట రెండోసారి అన్నం అడిగింది. ఇంకేముంది, వాడికి రుచి మరిగింది. కొండ మీద యుద్ధానికి ఇంకాస్త పెంచాడు.

ఆ తరవాత పడమటి కోట ముట్టడి మొదలైంది. దారి పొడుగునా మంచు. సైన్యం ఆకలికి రాలిపోతోంది. బుడ్డోడు మళ్ళీ ఫైలు తెరిచి కాలిబంటు తిండిని సున్నా చేసేశాడు.

ఇక్కడే తప్పులో కాలేశాడు. ఆ ఫైల్లో విలుకాళ్ళ అంకెలు ఏ రాజ్యానికి ఆ రాజ్యానికి వేరు. కాలిబంటు వరస మాత్రం అందరికీ ఒక్కటే. అక్కయ్య బంట్లకి ఆకలి పోయిందంటే కోటలో దాక్కున్న శత్రువులకీ పోయినట్టే. ఆ సంగతి వాడి బుర్రకి తట్టలేదు.

అక్కయ్య కోట చుట్టూ సైన్యాన్ని నిలబెట్టి, లోపలి గింజలు ఎప్పటికి అయిపోతాయో లెక్క కట్టింది. అవి అయిపోతే వాళ్ళే తలుపులు తీసి లొంగిపోవాలి. లెక్క ప్రకారం లొంగాల్సిన రోజు వచ్చింది, పోయింది. కోట చెక్కుచెదరలేదు. మళ్ళీ కట్టింది. మళ్ళీ తప్పింది. పైగా తన బండ్లలో తిండి కూడా తరగడం లేదు. ఆవిడ ముఖం రోజురోజుకీ పాలిపోతోంది. ఏమైందక్కా అంటే ఏం లేదు పోరా అనేది.

ఆవేళ పొద్దున బుడ్డోడు సామాన్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంటే అక్కయ్య పిలిచింది.

"ఒరే, పదకొండింటికి ఇంజనీరుగారు ఫోను చేస్తారు. రావట్లేదని చెప్పేస్తున్నా. ముందుగా నీకు తెలియాలని చెప్తున్నా, అంతే."

"అదేంటక్కా? డాక్టరమ్మ వెళ్ళమంది కదా."

"డాక్టరమ్మ ఏడు వారాల పేర్లు అడిగింది, చెప్పా. అది చిన్నపిల్లలూ చెప్తారు." కంప్యూటరు వైపు చూపించింది. "ఆ కోట లెక్క ఎన్నిసార్లు కట్టానో తెలుసా? ప్రతిసారీ సరిగ్గానే ఉన్నట్టుంటుంది, ప్రతిసారీ తప్పుతుంది. అన్నిటికంటే భయం అదేరా. తప్పు చేస్తున్నట్టు నాకే తెలియట్లేదు. ఇలాంటి బుర్రతో స్విచ్చి దగ్గర కూచోమంటావా?"

అప్పుడు తట్టింది బుడ్డోడికి కాలిబంటు వరస సంగతి. గోడ గడియారం చూశాడు. పదకొండు కావొస్తోంది.

చెప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం ఒక్కటేనా, తన బుర్ర పాడైందన్న నమ్మకంతోనే బతికినన్నాళ్ళూ బతుకుతుంది. చెప్తే ఇన్నాళ్ళూ ఆవిడ గెలిచిందంతా నీళ్ళపాలవుతుంది. మధ్యేమార్గం ఏదైనా ఉందేమోనని వెతికాడు. ఆటలో ఏదో లోపం ఉందక్కా అందామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ కళ్ళలోకి చూశాక ఆ అబద్ధం బయటికి రాలేదు.

"అక్కా, నీ లెక్క కరెక్టే."

"నన్ను ఓదార్చకు. ఒళ్ళు మండుతుంది."

"ఓదార్చడం కాదు. కోటలో వాళ్ళు తినడం లేదు. నేనే మానిపించా." సంచీ కింద పెట్టాడు. "ఫైల్లో కాలిబంటు తిండి సున్నా చేశా. నీ సైన్యం చచ్చిపోతోందని చేశా. అది వాళ్ళకీ వర్తిస్తుందని చూసుకోలేదు. అందుకే నీ బండ్లలో తిండీ తరగట్లేదు."

లోపల వంటింట్లో మరదలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"చూపించు," అంది.

ఫైలు తెరిచి చూపించాడు. ఆవిడ వేలు పెట్టి ఆ వరస చదివింది. తరవాత పైనున్న విలుకాళ్ళ దగ్గర వేలు ఆగింది.

"ఇది కూడానా?"

తల ఊపాడు.

"అంటే నది దగ్గర గెలిచింది?"

"అదీ నేనే."

"కొండ మీద?"

వాడు తల దించుకున్నాడు. ఆవిడకి జవాబు అందింది. కొడుతుందేమో అనుకున్నాడు, కొట్టినా బాగుండేది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, బయటివాణ్ణి చూసినట్టు వాణ్ణి చూసింది.

"ఇంకా ఏమేం మార్చారురా మీరంతా?"

"ఇంకేం లేదక్కా. ఆట ఒక్కటే."

"డాక్టరమ్మ బాగుందన్న మాట? ముందే వెళ్ళి నువ్వు మాట్లాడొచ్చావా?"

"లేదు. ఒట్టు."

"మొన్న మీ ఆవిడ, వదినా నువ్వు కూరలో ఉప్పు సరిగ్గా వేశావు అంది. నిజంగా సరిగ్గానే వేశానా?"

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మరదలు ఏదో చెప్పబోయింది. మొగుడి ముఖం చూసి ఆగిపోయింది. ఆ పూట ఉప్పు నిజంగానే సరిగ్గా ఉంది. కానీ ఆ మాట ఇప్పుడు ఎవరంటే మాత్రం ఏం లాభం?

ఫోను మోగింది. బుడ్డోడు తీయబోయాడు. అక్కయ్య వాడి చేతి మీద చిన్నగా తట్టి తనే తీసుకుంది.

"నమస్తే సార్. ఆ, బాగున్నానో లేదో తెలియదు సార్. అది కనుక్కోవడానికే వస్తాను." కుర్చీలో నిటారుగా కూచుంది. "డ్యూటీ వెంటనే ఇవ్వకండి. పరీక్ష పెట్టించండి. నన్నెరగని వాళ్ళ చేత పెట్టించండి. నా మీద జాలున్నవాళ్ళెవరూ ఆ గదిలో ఉండకూడదు. మీరు కూడా ఉండొద్దు సార్."

అవతల ఆయన ఏదో అన్నాడు. సరేనంది, పెట్టేసింది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని చెప్పులు వేసుకుంది. తమ్ముడు బండి తాళాలు తీసుకుంటే వద్దంది.

మెట్లు దిగుతున్న అక్కయ్యని బుడ్డోడు గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు. తన బండ్లూ, శత్రువు గింజలూ, రోజు రోజు లెక్క ఏదీ పొల్లుపోకుండా తలలో పెట్టుకున్న మనిషి ఆవిడ. ఆ బుర్రకి ఏమీ కాలేదని ఇప్పుడు వాడికి నూటికి నూరుపాళ్ళూ తెలుసు. అక్కా నువ్వు బాగున్నావు అని అరిచి చెప్పాలనిపించింది. చెప్పినా ఆవిడ నమ్మదు, అందులోనూ వాడు చెప్తే.