మర్ఫీ వారి ఆడపడుచు

1999 జూన్ 13, ఆదివారం సాయంత్రం. మచిలీపట్నం, మర్ఫీ సుగుణమ్మ గారి వరండా. ఉన్నవారు: సుగుణమ్మ గారు, కృత్తివెన్ను నుంచి మర్ఫీ ఏసుపాదం, ఆయన కూతురు ప్రమీల, గుడివాడ నుంచి మర్ఫీ రత్నం, ఆయన కొడుకు సునీల్, చర్చి పాస్టరు గారు, నేను.

ఈ ఉదయం పక్కింటివాళ్ళు డాబా మీద ఎండు రొయ్యలు ఆరబోశారు. ఆ వాసన గాలికి నా గదిలోకి వచ్చేసరికి, అలమరలోంచి ఆ ఏటి డైరీ తీశాను. పైన రాసింది అందులోని మొదటి మూడు వాక్యాలు. ఆ సాయంత్రం ఏసుపాదం తెచ్చి మూల పెట్టిన సంచీ వల్ల వరండా అంతా ఇదే వాసన. ఆ రోజు ఆ సంచీని ఎవరూ విప్పలేదు.

సుగుణమ్మ గారు మా బళ్ళో హెడ్మిస్ట్రెస్. నేను గుమాస్తాగా చేరేనాటికే ఆమెకు నడివయసు. పెళ్ళి చేసుకోలేదు. చామనఛాయ కంటే ఒక పిసరు నలుపు, గంజి పెట్టిన నేత చీర, చలికాలంలో కూడా చేతిలో గొడుగు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె ఇంటిపేరు విని, “మీరు ఆంగ్లో ఇండియన్లాండీ?” అని అడిగేవారు. “నన్ను చూసే అడుగుతున్నారా, చూడకుండా అడుగుతున్నారా?” అనేవారు ఆమె. జూన్‌లో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు నేను అలవాటుగా ముందు ఇంటిపేరు అడిగేవాణ్ణి. ఒకసారి వెనకనుంచి వచ్చి నా భుజం మీద తట్టారు. “మూర్తీ, ఆ పిల్లని ఇంట్లో ఏమని పిలుస్తారో ముందు అడగవయ్యా. ఇంటిపేరు పెద్దవాళ్ళ గొడవ. నాన్ననడిగి రాసుకుందువు గాని.” అడిగాను. ‘చిట్టి’ అంది ఆ పిల్ల. అప్పటిదాకా ఏడుస్తున్నది ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పద్ధతి నేను మానలేదు.

మర్ఫీ అనే ఇంటిపేరు మా ప్రాంతానికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఎప్పటిదో ఒక ఉప్పెన తరవాత, ఐర్లండు నుంచి వచ్చిన ఒక పాదిరి గారు దిక్కులేని పిల్లల్ని చేరదీసి బందరులో అన్నం పెట్టి చదివించారట. ఆయన పేరు మర్ఫీ. ఇంటిపేరు చెప్పలేనంత పసివాళ్ళకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు తన పేరే ఇచ్చారు. వాళ్ళ సంతానమే దివిసీమలో, కృత్తివెన్నులో, గుడివాడలో స్థిరపడిన మర్ఫీలు. మతం మారినా మన పట్టింపు మారలేదు. ఒకే ఇంటిపేరున్నవాళ్ళు అన్నదమ్ముల బిడ్డలు, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. దొరగారు మన తాతలకు తండ్రి, మనమంతా ఒక కడుపువాళ్ళం అని వాళ్ళు అనుకునేవారు. తోడబుట్టినవాళ్ళెవరూ లేని సుగుణమ్మ గారికి ఆ లెక్కన ఇద్దరు తమ్ముళ్ళు. ఆమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఏసుపాదం రొయ్యల చెరువును పాలేరుకు వదిలి, భార్యతో సహా వచ్చి ఆమె లేచి తిరిగేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు “మీరు ఏమవుతారు?” అంటే “మా అక్కండీ” అన్నాడు. ఆ మాటను ఎవరూ సందేహించలేదు.

ఆ సాయంత్రం వరండాలో జరిగిన పంచాయితీకి ముందు ఏడు ఐర్లండు నుంచి ఒక ముసలాయన బందరులోని పాత సమాధులు చూడటానికి వచ్చాడు. ఆయన ఇంటిపేరూ మర్ఫీయే. ఎవరో సుగుణమ్మ గారి ఇంటికి తీసుకొచ్చారు. ఆ సమయానికి ఏసుపాదమూ అక్కడే ఉన్నాడు. ముసలాయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని ఆమె ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతూ వచ్చారు. వాళ్ళ పాత భాషలో ఆ పేరుకు సముద్రం మీద యుద్ధం చేసేవాడు అని అర్థమట.

ఏసుపాదం తొడ చరిచాడు. “చూశావా అక్కా! మరి నేనేంటి, గట్టు మీద కూర్చుని చెరువు రొయ్యలు పెంచుకుంటన్నాను?”

“మీ దేశంలో మర్ఫీలంతా ఒకే వంశమా?” అని అడిగారు సుగుణమ్మ గారు. ముసలాయన నవ్వాడు. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదేనట. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రాంతాల్లో, వేరు వేరు కుటుంబాలు ఎవరికి వారు ఆ పేరు పెట్టుకున్నారట. తన భార్య పుట్టింటి పేరు కూడా మర్ఫీయేననీ, పెళ్ళయ్యాక ఆమెకు సంతకం మార్చుకునే పని లేకపోయిందనీ చెప్పాడు.

ఏసుపాదం టీ గ్లాసు కింద పెట్టేశాడు. “ఓర్నాయనో! చెల్లెల్ని చేసుకున్నాడా ఈయన?”

సుగుణమ్మ గారు ఆ మాటను మాత్రం ఇంగ్లీషులో చెప్పలేదు.

ప్రమీల, సునీల్ గుడ్లవల్లేరులో ఒకే కాలేజీలో లాబ్ అసిస్టెంట్లు. పెళ్ళి చేసుకుంటామన్నారు. రెండిళ్ళలోనూ నిప్పు రాజుకుంది. సంఘం నియమాల్లో అభ్యంతరం లేదు గాని, పెద్దలు ఒప్పుకోకుండా చర్చిలో పెళ్ళి ప్రకటన చదవనన్నారు పాస్టరు గారు. మర్ఫీలందరిలోకీ పెద్ద సుగుణమ్మ గారే కనక, ఆమె ఏదంటే అదేనని తండ్రులిద్దరూ ఒప్పుకున్నారు.

వాళ్ళు రాకముందు, ఆ మధ్యాహ్నం, ఆమె నన్ను పిలిపించారు. “వాళ్ళవి వేరు వేరు రక్తాలని నాకు తెలుసయ్యా. మా నాన్న చెప్పాడు. అది బయటపెడితే ఆ పిల్లలకి పెళ్ళవుతుంది. నాకు తమ్ముళ్ళుండరు.”

“చెప్పకపోతేనండీ?” అన్నాను.

“ఉంటారు,” అన్నారు.

సాయంత్రం అందరూ కూర్చున్నాక మొదట మాట్లాడింది ప్రమీల. “అత్తా, నువ్వు కాదంటే మానేస్తాం. లేచిపోయే రకం కాదు మేం. కానీ ఇంక వేరే సంబంధాలు చూడొద్దని చెప్పు నాన్నకి.”

“వరసకి అన్నయ్యే! వినడానికే సిగ్గుగా ఉంది,” అన్నాడు ఏసుపాదం.

సుగుణమ్మ గారు చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. తరవాత క్లాసులో చెప్పినట్టు నింపాదిగా చెప్పారు. “ఉప్పెన తగ్గాక మా తాతని నాగాయలంక వైపున తాటిచెట్టు మీద నుంచి దింపారు. ఏసుపాదం, మీ ముత్తాత కృత్తివెన్ను పిల్లాడు. అందుకే పెద్దయ్యాక వెతుక్కుంటూ అక్కడికే వెళ్ళాడు. రత్నం, మీ ముత్తాతకి ఊరి పేరు కూడా రాదు, అమ్మ అనడం ఒక్కటే వచ్చు. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు మొదటిసారి చూసుకుంది ఈ ఊళ్ళోనే. దొరగారు అన్నం పెట్టి పేరిచ్చాడు. అంతే. ఈ పిల్లలకి ఏ వరసా అడ్డం రాదు.”

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?” అన్నాడు రత్నం.

“ఎవరూ అడగలేదు. చెప్పాలని నాకూ లేదు.”

ఏసుపాదం లేచి నిలబడ్డాడు. “అయితే నువ్వు మాకేమీ కావా?”

“రక్తానికి కాను,” అన్నారు ఆమె.

ఆ ‘కాను’ అన్నప్పుడు ఆమె గొంతు మారలేదు. చేతులు మాత్రం ఒళ్ళో దాచుకున్నారు. అతను కూతుర్ని తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. రత్నం వాళ్ళూ వెళ్ళారు.

సుగుణమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ దాచుకున్న చేతులు. తరవాతి కాలంలో నన్నూ నలుగురు తగవులకు పిలిచారు, సలహాలడిగారు. ఏదైనా చెప్పబోయే ముందు, ఈ మాట వల్ల నాకు పోయేదేమైనా ఉందా అని చూసుకుంటాను. ఏమీ పోదనుకున్నప్పుడు నా తీర్పును నేనే అంతగా నమ్మను. ఇది ఆమె నాకు పాఠంలా చెప్పింది కాదు. చెప్పమంటే నవ్వేసేవారేమో.

మర్నాడు సోమవారం. పొద్దున్నే పేపరు ఇవ్వడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. గేటు బయట ఏసుపాదం నిలబడి ఉన్నాడు. మొదటి బస్సుకే వచ్చినట్టున్నాడు. సుగుణమ్మ గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు.

“టీచర్ గారండీ,” అన్నాడు. అతని నోట ఆ పిలుపు నేనెప్పుడూ వినలేదు. “రాత్రి రత్నం గారితో ఫోన్లో మాట్లాడానండీ. పెళ్ళి చేసేద్దామనుకున్నామండీ.”

“చాలా సంతోషమండీ,” అన్నారు ఆమె. “చర్చిలో నన్ను ఏ పక్కన కూర్చోమంటారు? పెళ్ళికూతురి వైపా, పెళ్ళికొడుకు వైపా?” అని అడిగారు.

ఎగతాళి కాదది. ఆమెకు నిజంగానే తెలియలేదు.

ఏసుపాదం గేటు కమ్మీ పట్టుకున్నాడు. తరవాత గేటు తీసుకుని వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఆమె పక్కనుంచే వెళ్ళి వరండా గచ్చు మీద గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

“ఆకలేస్తంది. రాత్రి కూడా ఏం తినలేదు,” అన్నాడు.

సుగుణమ్మ గారు చీర కొంగు బిగించుకుని వంటింట్లోకి వెళ్ళారు.