ఎడమకు తిరిగే పడవ

మా బాపు వెంకటనర్సుకు కోపమొస్తే మాట్లాడడు, సంతోషమొస్తే అసలే మాట్లాడడు. నారాయణపేటలో మగ్గం దగ్గర పెరిగిన మనిషి. మగ్గం కూడు పెట్టని రోజులొచ్చేసరికి తన తల్లిని, అంటే మా అవ్వ ఆండాళును, తన తమ్ముడు మల్లేశాన్ని వెంటబెట్టుకుని కోయిల్‌సాగర్ ఆనకట్ట పనులకు వచ్చాడు. అక్కడ మోటార్ల పనికి కుదిరి, చూసి చూసి రేడియోలు బాగుచేయడం కూడా పట్టుకున్నాడు.

ఆనకట్ట వెనక నీళ్లు నిండిన కొత్తలోనే మల్లేశం చిన్నాయన పోయాడు. అవతలి గట్టున మరిచిపోయిన, మరలు బిగించే పానా తెమ్మని పంపింది బాపే. నడి నీళ్లలో ఒక ఎండిన తుమ్మచెట్టు తల బయటపెట్టి ఉండేది. దాని దగ్గర చిన్నాయన ఎక్కిన పుట్టి తిరగబడింది. పుట్టి దొరికింది, మనిషి దొరకలేదు. కర్మ చేద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు. "దొరకని కొడుక్కు పిండమెట్ల పెడ్తరు?" అంది. బాపు నోట తమ్ముడి పేరు ఆ రోజుతో ఆగిపోయింది. ఎవరైనా ఆ పేరెత్తితే అన్నం ముందు నుంచైనా సరే లేచిపోయేవాడు.

అరవై నాలుగులో ఒక కొత్త ఇంజనీరు సారు వచ్చాడు. సీమలో, అంటే ఇంగ్లండులో చదువుకుని, వస్తూ వస్తూ రెండు మూరల పందెం పడవను కూడా తెచ్చుకున్నాడు. గట్టు మీద నిలబడి చేతిలోని పెట్టెకున్న మీట నొక్కితే, మధ్యలో ఏ తీగా లేకుండానే నీళ్లలో పడవ మాట వింటుందట. ఒకసారి నొక్కితే చుక్కాని ఎడమకు, రెండుసార్లు నొక్కితే కుడికి, వదిలేస్తే నడుమకు. కానీ ఓడ ప్రయాణంలో దెబ్బతిని అది ఎవరి మాటా వినడం లేదు. జనవరి ఇరవయ్యారున మహబూబ్‌నగర్ నుంచి సారు స్నేహితుడు తన పడవతో పందేనికి వస్తున్నాడు. ఆలోగా బాగు చేయమని సారు దాన్ని బాపు చేతిలో పెట్టాడు.

ఇక బాపుకు తిండీ నిద్రా దాంతోనే. ముక్కు లేస్తోందని ముందు సీసం ముక్క పెట్టేవాడు, మునుగుతోందని గోరంత వెనక్కి జరిపేవాడు. లోపలి రేడియో డబ్బాకు తేమ తగలకుండా మైనం పూశాడు. మా అమ్మ రాజమణి పడవను చంకన పెట్టుకుని గట్టు వెంట దూరంగా పోవాలి. ఈయన మీట నొక్కినప్పుడల్లా "తిరిగింది", "తిరగలే" అని అరవాలి. "లగ్గమైన కాడికెళ్లి గీ మనిషి నన్ను గిన్నిసార్లు పిలవలే," అనేది అమ్మ.

చుక్కానిని ఒక పక్క స్ప్రింగు, ఇంకో పక్క సన్నటి తీగ పట్టి ఉంచాలి. ఆ తీగ తెగిపోయింది. నేతగాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఉన్న పడుగు నూలు నాలుగు పోగులు పేని కట్టేశాడు. మా ఇళ్లల్లో దేవుడి తర్వాత నమ్మేది నూలునే.

నీళ్లలో వదిలితే పడవ తిన్నగా పోయింది. అందరం చప్పట్లు కొట్టాం. తుమ్మచెట్టు ఎదుటికి చేరగానే దానంతట అదే ఎడమకు మళ్లి, చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బాపు ఎంత మీట నొక్కినా వినలేదు. పుట్టి వేసుకుపోయి తెచ్చి, ఆరబెట్టి చూస్తే చుక్కాని నడుమనే ఉంది. మర్నాడూ అదే చెట్టు, అదే తిరుగుడు.

కాపలా కురుమయ్య చెంపలు వేసుకున్నాడు. "నర్సన్నా, మల్లేశం పిలుస్తాండే," అన్నాడు. బాపు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను మాత్రం అమ్మ కొంగు పట్టుకోనిదే ఆ నీళ్ల వైపు పోలేదు.

అవ్వ భయపడలేదు. అన్నేళ్లుగా ఆ గట్టు తొక్కని మనిషి, రోజూ పొద్దుగూకే వేళ కొంగు కప్పుకుని వచ్చి కూర్చునేది. పడవ ఎడమకు మళ్లగానే పెదాలు కదిలించేది. అది చెట్టు దగ్గరికి చేరాక ఇంటికి పోయి కడుపునిండా తినేది. అవ్వ అలా తినగా నేను అంతకుముందు చూడలేదు.

పందేనికి ముందురోజు బాపు తడి ఆరకముందే మూత తీశాడు. తడిసిన నూలు బిగుసుకుపోయి చుక్కానిని ఎడమకు లాగి పట్టి ఉంది. ఎండలో పెడితే మెల్లగా సడలింది. నూలు తడిసి బిగియడానికి పట్టే సేపులోనే పడవ ఆ చెట్టు ఎదుటికి చేరుతోంది. అంతే సంగతి. బాపు దగ్గర కొత్త తీగ సిద్ధంగా ఉంది. అది కడితే సారు గెలుస్తాడు, అవ్వకు కొడుకు మళ్లీ పోతాడు.

అయినా దాచలేదు. బియ్యం చెరుగుతున్న అవ్వ దగ్గర కూర్చుని చెప్పాడు. "అమ్మా, ఆడ ఎవ్వలు పిలుస్తలేరే. నూలు తడిసి బిగుస్తాంది, గంతే."

అవ్వ చేట ఆపలేదు. "పుట్టిన కాడికెళ్లి కండెలు చుట్టిన చేతులియి. తడిస్తే నూలు బిగుస్తదని నువ్వు చెప్పాల్నా నాకు?"

"ఎరుకైతే మరి రోజు ఎందుకొస్తున్నవే?"

"గీ ఇంట్ల వాని పేరు తీసినోడు లేడు, వాని దిక్కు చూసినోడు లేడు. నూలైతేంది, దయ్యమైతేంది, వాని కాడికి పోయేది గదొక్కటే. దానెంబడి నీ కండ్లు గూడ పోతున్నయ్ కొడుకా. గది చూసేతందుకే వస్తున్న."

బాపు లేచి వెళ్లిపోలేదు. చేటలోని రాళ్లు ఏరుతూ అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు తీగ కట్టాడు. పడవ తుమ్మచెట్టును దాటి తిన్నగా పోయి గెలిచింది. సారు బాపు వీపు తట్టాడు. అవ్వ రాలేదు.

జనం వెళ్లాక బాపు తీగ విప్పి మళ్లీ నూలు కట్టాడు. నన్ను పంపి అవ్వను పిలిపించాడు. పడవను నీళ్లలో వదిలి, మీట పెట్టెను పక్కన పెట్టేశాడు. పడవ చెట్టు ఎదుట ఎడమకు మళ్లింది. బాపు మోకాటి లోతు నీళ్లలోకి దిగి గొంతు చించుకుని అరిచాడు.

"మల్లేశా! పానా వద్దురా తమ్మీ! ఇంటికి రా!"

అవతలి గట్టుకు తగిలి ఆ పిలుపు మా మీదికే తిరిగొచ్చింది. పడవ చెట్టు చుట్టూ తిరిగి తిరిగి, బ్యాటరీలు అయిపోయి ఆగిపోయింది. అవ్వ నీళ్లలోకి దిగి, పసిపిల్లాడిలా ఏడుస్తున్న బాపు చెయ్యి పట్టుకుంది.

"పిలిచినవ్ గదా కొడుకా," అంది. "ఇగ వానికి పిండం పెడదాం."